గని చాటున ఆపిన బండి

ఆదివారం ఆరాధన అయ్యాక, ఇక్కడ కెనడాలో, మా ఒషావా చర్చి బేస్‌మెంట్‌లో టీ తాగుతుంటే కాలేజీ పిల్లలు నా చుట్టూ చేరతారు. గుంటూరు వాళ్లు, వరంగల్ వాళ్లు, కడప వాళ్లు, అందరూ ఆటోమొబైల్ చదువులకు వచ్చినవాళ్లే. "ఆంటీ, మీరు వెహికల్ టెస్టింగ్‌లో చేశారంట కదా, అందులోకి ఎలా అప్లై చేయాలి?" అని అడుగుతారు. రెజ్యూమెలో ఏం రాయాలి, ఏ సర్టిఫికెట్ ఉంటే తీసుకుంటారు, ఇవీ వాళ్ల ప్రశ్నలు. వాటి జవాబులు నాకంటే వాళ్ల ఫోన్లకే బాగా తెలుసు. ఆ ఉద్యోగంలో రోజూ ఏం చేస్తామని మాత్రం ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. అడగకపోయినా చెబుతాను, పెద్దదాన్ని కదా.

పాతికేళ్లకు పైగా నేను చేసింది చలి పరీక్షలు. ఇక్కడ తయారయ్యే కొత్త మోడల్ బండిని అమ్మకానికి పెట్టకముందే ఉత్తరానికి తీసుకెళ్లి, గడ్డకట్టే చలిలో నడిపి, ఏది విరుగుతుందో ఏది ఆగిపోతుందో చూడాలి. జనం దాన్ని డ్రైవింగ్ ఉద్యోగం అనుకుంటారు. ఇంకొందరు కంప్యూటర్ ముందు కూర్చుని గ్రాఫులు చూసే ఉద్యోగం అనుకుంటారు. రెండూ ఉన్నాయి గానీ, అసలు పని భయపడటం. బండి కొనుక్కునేవాళ్లు హాయిగా వెళ్లాలంటే ముందు ఎవరో ఒకరు దాంట్లో కూర్చుని వాళ్ల బదులు భయపడి రావాలి. ఆ మాట ఆఫర్ లెటర్‌లో ఎవరూ రాయరు.

హెలెన్ దగ్గర నేర్చుకున్నది

నా మొదటి బాస్ పేరు హెలెన్. బక్కపలచటి మనిషి, మెచ్చుకోలు అనేది ఆవిడ నోట్లోంచి వచ్చేది కాదు. కాకినాడలో పుట్టి, స్వెట్టర్ అంటే క్రిస్మస్‌కి కట్టుకునే కొత్త బట్టల్లో ఒకటనుకుంటూ పెరిగిన నన్ను, మొదటి శీతాకాలం ఉత్తరాన ఒక యార్డులో నిలబెట్టి చక్రం మార్చమంది. నట్టు చేతికి అందడం లేదని పై గ్లవ్ తీసేశాను. లోపలి పల్చటి గ్లవ్‌తో ఇనుము ముట్టుకున్నానో లేదో వేళ్లు మంటెత్తాయి, ఆ తర్వాత మంట కూడా తెలియలేదు. హెలెన్ పక్కనే చేతులు కట్టుకుని చూస్తూ నిలబడింది. చక్రం బిగించాక నన్ను క్యాబిన్‌లోకి లాక్కెళ్లి, నా చేతిని తన చంకలో పెట్టుకుని వేడెక్కేదాకా కూర్చుంది.

"భయం వేసిందా?" అని అడిగింది.

"లేదు" అన్నాను. కొత్త ఉద్యోగం, పైగా మొత్తం టీమ్‌లో నేనొక్కదాన్నే మన దేశపు ఆడదాన్ని. భయపడ్డానని ఎలా చెబుతాను?

"అయితే రేపు మళ్లీ మారుద్దువుగాని" అంది.

మర్నాడు మళ్లీ అదే యార్డు, అదే చక్రం, అదే ప్రశ్న. ఈసారి "చచ్చేంత భయం వేసింది" అన్నాను. హెలెన్ తల ఊపి బండి తాళాలు నా చేతిలో పెట్టింది. ఆ రోజు ఆవిడ మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. కొత్తవాళ్లను అలా ఏడిపించడం మంచి పద్ధతని ఇప్పటికీ అనను. కానీ తాను వెళ్లని చోటికి ఆవిడ ఎవర్నీ పంపలేదు, అది మాత్రం ఒప్పుకోవాలి. తర్వాత వచ్చిన బాసుల్లో చాలామందికి చలి అంటే స్క్రీన్ మీద ఒక నీలం గీత.

ఇమ్మానియేలు గారు

మీకు చెప్పాలనుకున్న సంగతిలో నాతో ఉన్నది ఇమ్మానియేలు గారు. మాది నర్సాపురం అని గర్వంగా చెప్పుకునే మనిషి. గల్ఫ్‌లో మెకానిక్‌గా చేసి, తర్వాత కుటుంబంతో ఒషావా వచ్చి, మా టీమ్‌లో టెక్నీషియన్‌గా చేరారు. ఆఫీసు లెక్కలో నేను ఆయన సూపర్‌వైజర్‌ని. చర్చి లెక్కలో ఆయన సంఘ పెద్ద, నేను కుర్చీలు సర్దేదాన్ని. అందుకని నలుగురిలో నన్ను మేడమ్ అనేవారు, బండెక్కి తలుపు వేసుకోగానే "అమ్మా ఎస్తేరూ" అయిపోయేదాన్ని.

బండి కదిలే ముందు ఒకసారి, ఎక్కడైనా ఎక్కువసేపు ఆగితే ఒకసారి ఆయన ప్రార్థన చేసేవారు. చిన్న ప్రార్థన కాదు. పెద్దమ్మాయి రూతు, ఆమె భర్త, పిల్లలు, తర్వాత విండ్సర్‌లో చదువుకునే రెండో అమ్మాయి దీవెన, తర్వాత చిన్నవాడు జాషువా, తర్వాత సంఘం, చివర్న మేం కూర్చున్న బండి. ఎప్పుడూ అదే వరస, ఒక్క పేరు తప్పేది కాదు. "మీ ప్రార్థన అయ్యేలోపు సగం ట్యాంకు ఖాళీ అవుద్దండీ" అని ఏడిపించేదాన్ని. "దేవుడికి బోల్డంత టైముందమ్మా, లేందల్లా నీకే" అనేవారు.

మా ఇళ్లలో ఒక అలవాటు ఉంది. పెద్దవాళ్లు ప్రార్థనలో ఉండగా మధ్యలో కళ్లు తెరవకూడదు, లేవకూడదు, మాట కలపకూడదు. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా, గుమ్మంలో చుట్టాలు నిలబడి ఉన్నా సరే, ఆమేన్ వినపడేదాకా కదలం. నేను పుట్టి పెరిగింది ఆ క్రమశిక్షణలోనే, దాని మీద నాకు గౌరవం ఉంది. అది మమ్మల్ని ఎక్కడిదాకా తీసుకెళ్లిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

గని దారి

ఒక మార్చిలో మేమిద్దరం వెళ్లింది కెనడా వాయవ్య మూలన, యూకాన్ ఉత్తరాన ఎప్పుడో మూతపడ్డ ఒక సీసం గనికి. డెంప్‌స్టర్ హైవే మీద చాలా దూరం పోయి, అక్కడి నుంచి పక్కకు దిగాలి. గని నడిచిన రోజుల్లో బుల్డోజర్లతో తొక్కించిన దారి అది. మ్యాపులో గీత ఉంది గానీ నేల మీద ఏమీ లేదు. వేసవిలో బురదలో కూరుకుపోతారు కాబట్టి అన్నీ గడ్డకట్టిన కాలంలోనే వెళ్లాలి. కొండల మధ్య లోయ, లోయలో నది, ఆ నదినే పదేపదే దాటుకుంటూ పోవాలి. దారిలో ఇల్లు లేదు, కరెంటు స్తంభం లేదు, ఫోన్ సిగ్నల్ లేదు. శాటిలైట్ ఫోన్ ఒక్కటే దిక్కు.

ఈ దారిని ఎంచుకున్నది క్రెయిగ్, ఒషావా ఆఫీసులో మా ప్రోగ్రామ్ మేనేజర్. కొత్త పికప్ ట్రక్కును మామూలు రోడ్డు లేనిచోట రోజంతా కుదిపి, ఆ తర్వాత ఆపకుండా చాలాసేపు ఇంజిన్‌ను ఖాళీగా నడిపి, హీటర్ ఎంతవరకు నిలబడుతుందో రికార్డు చేయాలని ఆయన పట్టు. చెడ్డవాడు కాదు. తెలివైనవాడు, కుర్రవాడు, చలి ఎరగనివాడు.

మా ముందు ఇంకో బండిలో వాల్టర్. అక్కడి ఆదివాసుల్లో గ్విచిన్ తెగ మనిషి, ఆ దారిలో వెళ్లేవాళ్లకు తోడు వెళ్లడం అతని పని. నది దగ్గరికి రాగానే అతను దిగి ఇనుప గునపంతో మంచు పొడుచుకుంటూ నడిచేవాడు. నది మొత్తం గడ్డకట్టినట్టే కనపడుతుంది గానీ కొన్నిచోట్ల పైన మంచు, దాని కింద నీళ్లు, ఆ నీళ్ల కింద మళ్లీ మంచు. అలాంటిచోట చక్రం దిగిందంటే నీళ్లు వెంటనే గడ్డకట్టి బండిని పట్టేసుకుంటాయి. దాటేటప్పుడు సీటు బెల్టులు తీసేసి, తలుపులు కాస్త తెరిచి చేత్తో పట్టుకుని కూర్చునేవాళ్లం. కిందకి పోతే దూకడానికి. బండి బరువుకి మంచు లోపల ఎక్కడో టప్పుమని శబ్దం వచ్చేది. అది విన్న ప్రతిసారీ తలుపు ఇంకాస్త తెరిచేదాన్ని.

"అమ్మా, అది ఇరిగిన చప్పుడా, సర్దుకున్న చప్పుడా?" అని ఇమ్మానియేలు గారు అడిగారు, స్టీరింగ్ వదలకుండా.

"ఇంకా పైనే ఉన్నామంటే సర్దుకున్న చప్పుడేనండి" అన్నాను.

ఆయన నవ్వారు గానీ మొహంలో నెత్తురు లేదు. అవతలి ఒడ్డున బండి ఆపి, దిగి, కాసేపు బానెట్ పట్టుకుని నిలబడ్డారు. నేనూ దిగి ఆయన పక్కనే నిలబడ్డాను. ఇద్దరం వణికింది చలికేనని ఒకరికొకరం చెప్పుకున్నాం.

చాటు

మధ్యాహ్నానికి గని చేరాం. కొండ అంచున తుప్పు పట్టిన రేకుల షెడ్లు, ఖనిజాన్ని పిండి చేసే పెద్ద మిల్లు భవనం, కాస్త అవతల ఖాళీ ఆయిల్ ట్యాంకులు. మనుషులు ఒక్కసారిగా లేచి వెళ్లిపోయినట్టు ఉంది. ఒక కిటికీలో ఇంకా కర్టెన్ వేలాడుతోంది. గాలికి ఏదో రేకు ఆగకుండా కొట్టుకుంటోంది. ఫొటోలు తీసుకుందాం అనుకున్నవాళ్లం ఆ కర్టెన్ చూశాక కెమెరా బయటికి తీయలేదు.

తిరుగు ప్రయాణానికి బండ్లు తిప్పుతుండగానే గాలి లేచింది. పైనుంచి మంచు పడటం లేదు, నేల మీద ఉన్న మంచే లేచి తిరుగుతోంది. చూస్తుండగానే వాల్టర్ బండి కనపడకుండా పోయింది, తర్వాత మా బానెట్ కూడా. వాల్టర్ రేడియోలో పిలిచాడు.

"ఎస్తర్, ఇక నడపొద్దు. నేను ట్యాంకుల దగ్గర ఆగిపోయాను. నాకు నా వైపర్లు కూడా కనపడటం లేదు. గాలి తగ్గేదాకా ఎక్కడివాళ్లం అక్కడే."

మేము పక్కనే ఉన్న మిల్లు గోడ దాకా మెల్లగా జరిపి, గాలి తగలని వైపు బండి ఆపాం. ఎవరైనా అదే చేస్తారు. వానకి చూరు కిందకి వెళ్తాం, ఎండకి నీడకి వెళ్తాం, గాలికి గోడ చాటుకి వెళ్తాం. కానీ ఎగిరే మంచు ఎక్కడ గాలి తగ్గితే అక్కడే కింద పడుతుంది. గోడ చాటున అది గుట్టగా పేరుకుంటుంది. ఈ ముక్క నాకు తెలియంది కాదు, ట్రైనింగుల్లో నేనే చెప్పాను. ఆ గాలి హోరులో గోడ కనపడగానే ప్రాణం లేచివచ్చి, ఇంకేమీ ఆలోచించలేదు.

ఇంజిన్ ఆపాలా వద్దా అన్నది రెండో ప్రశ్న. ఆ చలిలో ఆపితే మళ్లీ స్టార్ట్ అవుతుందన్న నమ్మకం లేదు. ఉత్తరాన ఎవర్ని అడిగినా బండి ఆపొద్దనే చెబుతారు. శాటిలైట్ ఫోన్‌లో క్రెయిగ్‌కి చెప్పాను. ముందు మేము క్షేమమేనా అని అడిగాడు. ఆ తర్వాత గొంతులో హుషారు దాచుకోలేక, "ఎలాగూ ఆగారు కదా, మనకి కావాల్సిన ఐడిల్ టెస్ట్ ఇదే. దయచేసి ఇంజిన్ ఆపకండి" అన్నాడు. నాకూ ఆపాలని లేదు. కాబట్టి తప్పంతా అతని మీదకి తోసేయను.

మా బండి పరీక్షల బండి కదా, సెన్సర్ల వైర్లు లోపల రీడింగులు రాసుకునే డేటా లాగర్ దాకా తేవడానికి నేలలో రంధ్రాలు తొలిచి ఉన్నాయి. వాటి చుట్టూ మెత్తటి పుట్టీ పెట్టి మూస్తాం. రోజంతా రాళ్ల మీద, మంచుగడ్డల మీద కుదుపులకి, ఆ చలికి ఆ పుట్టీ పెళుసెక్కి ఊడిపోయిందని తర్వాత తెలిసింది. వెనక పొగ గొట్టం మంచులో పూడిపోయింది. బయటికి పోలేని పొగ బండి కింద చేరి, ఆ రంధ్రాల్లోంచి మా దగ్గరికి వస్తోంది. విషవాయువు ఉంటే అరిచే అలారం బండిలో ఉంది, కానీ చలికి దాని బ్యాటరీ పొద్దున్నే చచ్చింది. రాత్రి బసలో మారుద్దాం అనుకున్నాం.

రాని ఆమేన్

హీటర్ బాగా పనిచేస్తోంది. జాకెట్లు తీసేశాం. కాసేపటికి ఇమ్మానియేలు గారు కణతలు నొక్కుకున్నారు.

"తలకాయ్ పగిలిపోతందమ్మా. పొద్దున్నుంచీ ఆ తెల్లటి మంచు చూసీ చూసీ."

"నాకూ అలానే ఉందండి."

జేబులోంచి తలనొప్పి బామ్ సీసా తీశారు. ప్రపంచంలో ఎక్కడికి వెళ్లినా మనవాళ్ల జేబులో ఉండేదే. ఆయన రాసుకుని, సీసా నాకిచ్చారు. నేను నుదుటికి, మెడకి, అలవాటు కొద్దీ ముక్కు కింద కూడా కాస్త రాసుకున్నాను. బండి మొత్తం కర్పూరం, పుదీనా ఘాటుతో నిండిపోయింది. పొగలో అసలు విషానికి వాసన ఉండదు గానీ, దాంతో పాటు వచ్చే పొగ కంపు ముక్కుకి తెలుస్తుంది. ఇంకెవరైనా అయితే ఆ కంపు పట్టేవారేమో. మా ఇద్దరి ముక్కులకీ బామ్ తప్ప ఇంకేమీ తెలియలేదు. తలనొప్పి ఎందుకొచ్చిందని ఎవరమూ అడగలేదు, మందు రాసుకున్నాం కదా, ఇక తగ్గిపోతుందని కూర్చున్నాం.

"ప్రార్థన చేసుకుందామమ్మా" అన్నారాయన.

తల వంచి కళ్లు మూసుకున్నాను.

"ప్రభువా, మా రూతుని కాపాడు తండ్రీ. ఆళ్లాయన్ని, పిల్లల్ని నీ రెక్కల కింద దాచుకో. విండ్సర్‌లో మా దీవెన చదువుకుంటంది, దానికి తోడుండు…"

గొంతు మెల్లగా, లోతుగా వినపడుతోంది. బయట గాలి కూడా తగ్గినట్టే అనిపించింది. ఒళ్లంతా వెచ్చగా, హాయిగా ఉంది. తలనొప్పి ఉంది గానీ ఎక్కడో దూరంగా ఉంది.

"ప్రభువా, మా రూతుని కాపాడు తండ్రీ. ఆళ్లాయన్ని, పిల్లల్ని…"

రూతుకి ఏదైనా కష్టం ఉందేమో, అందుకే రెండోసారి తలుచుకుంటున్నారు అనుకున్నాను. దీవెన పేరు వచ్చింది. తర్వాత జాషువా రావాలి.

"ప్రభువా, మా రూతుని… కాపాడు… ఆళ్లాయన్ని…"

మూడోసారి. ఏదో సరిగా లేదని నాకు తెలిసింది. తెలిసినా కళ్లు తెరవలేదు. ప్రార్థన మధ్యలో పెద్దాయన్ని ఎలా ఆపుతాం, ఆమేన్ అననీ, అప్పుడు అడుగుదాం అనుకుంటూ కూర్చున్నాను. ఆమేన్ కోసం ఎదురుచూస్తున్నాను. మళ్లీ రూతు దగ్గరికే వచ్చారు. ఈసారి మాటలు ముద్దగా ఉన్నాయి.

అప్పుడు ఒకటి గమనించాను. నాకు భయం వేయడం లేదు. మంచు తుఫానులో, మనిషి లేని గనిలో, ఎక్కడా దిక్కులేని చోట కూర్చుని ఉన్నాను, పొద్దున నది దాటేటప్పుడు ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నదాన్ని, ఇప్పుడు సోఫాలో కూర్చున్నంత నిశ్చింతగా ఉన్నాను. ఎంత వెతికినా లోపల భయం దొరకలేదు. పాతికేళ్ల ఉద్యోగంలో ఎప్పుడూ అలా జరగలేదు. అది నాకు నా ఒళ్లు నాది కాదన్నట్టు అనిపించింది.

కళ్లు తెరిచాను. ఇమ్మానియేలు గారి గడ్డం ఛాతీ మీద వాలిపోయి ఉంది. పెదాలు మాత్రం కదులుతున్నాయి.

పొగేనని అప్పుడు తట్టింది. "ఇంజిన్ ఆపండి" అన్నాను. గొంతు పైకి రాలేదు. ఇంజిన్ బటన్ నొక్కబోతే చెయ్యి వెళ్లి రేడియో మీద పడింది. మళ్లీ ఎత్తాను, ఎత్తుతున్నానన్న సంగతి మధ్యలో మర్చిపోయాను. చివరికి నొక్కితే ఇంజిన్ ఆగింది. నా వైపు తలుపు మంచుకి కదల్లేదు. రెండు కాళ్లూ పెట్టి తన్నితే జానెడు తెరుచుకుంది. ఆ సందులోంచి వచ్చిన గాలి చెంప మీద కొట్టినట్టు తగిలింది. అప్పుడు వచ్చింది భయం, పోయిందంతా వడ్డీతో సహా ఒక్కసారిగా. అరిచాను. రేడియో పట్టుకుని వాల్టర్ పేరు ఒక్కటే పదేపదే అన్నాను. ఇంకో మాట రాలేదు.

వాల్టర్ నడుముకి తాడు కట్టుకుని, రెండో కొస తన బండికి కట్టి, మంచులో తడుముకుంటూ వచ్చాడు. ఈలోగా నేను ఇమ్మానియేలు గారిని సీటు మీద నుంచి నా వైపుకి లాగడానికి చూశాను. ఆయన బరువు మనిషి. చొక్కా చిరిగింది గానీ మనిషి కదల్లేదు. "లెగండి, ఇమ్మానియేలు గారూ, లెగండి, రూతుకి ఏం చెప్పమంటారు నన్ను" అని ఏడుస్తూ కొట్టాను. చర్చిలో ఎదురుగా నిలబడి మాట్లాడటానికి జంకే పెద్దమనిషిని చెంప మీద కొట్టాను.

వాల్టర్ తలుపు ముందు మంచు తవ్వేశాక ఇద్దరం కలిసి ఆయన్ని నా వైపు నుంచి బయటికి లాగి మంచు మీద పడుకోబెట్టాం. చొక్కా మీదే ఉన్నారు, ఆ చలిలో. కప్పితే ఊపిరాడదేమో, కప్పకపోతే గడ్డకడతారేమో తెలియదు. నా జాకెట్ ఆయన ఛాతీ మీద వేసి, మొహం మాత్రం గాలికి వదిలాను. పెదాలు కదలడం ఆగిపోయింది. నేను ఆయన నోటి దగ్గర చెవి పెట్టాను. ఆ గాలిలో ఏమీ వినపడలేదు. పోయారనే అనుకున్నాను.

తర్వాత ఆయన పక్కకి తిరిగి కక్కుకున్నారు. రెండోసారి కక్కుకున్నాక కళ్లు తెరవకుండానే గొణిగారు.

"జాషువాకి… మంచి ఉజ్జోగం చూడు తండ్రీ… ఆమేన్."

మంచులో మోకాళ్ల మీద కూర్చుని నేనూ ఆమేన్ అన్నాను. మా మాటల్లో ఒక్క ముక్క అర్థంకాని వాల్టర్ కూడా అన్నాడు, ఆ ఒక్క పదం అతనికీ తెలుసు.

వాల్టర్ బండిలో ముగ్గురం అద్దాలు దించుకుని, వంతులవారీగా దిగి పొగ గొట్టం చుట్టూ మంచు తవ్వుకుంటూ గాలి తగ్గేదాకా కూర్చున్నాం. అతని గొట్టం కూడా సగం పూడిపోయి ఉంది. "మూత్రానికి దిగాను కాబట్టి చూశాను, లేకపోతే నేనూ నిద్రపోయేవాణ్ణే" అన్నాడు. నవ్వడానికి ప్రయత్నించాడు గానీ పళ్లు టకటకమని కొట్టుకున్నాయి. ఆ నేల మీద పుట్టిన మనిషికి కూడా ఆ నేల అంటే భయమేనని ఆ రోజు చూశాను.

ఆ తర్వాత

గాలి ఆగాక హెలికాప్టర్ వచ్చింది. అక్కడికి దగ్గర ఊరైన ఇనూవిక్ ఆసుపత్రిలో ఇద్దరికీ ఆక్సిజన్ పెట్టారు. క్రెయిగ్ ఫోన్ చేసి, మా క్షేమం అడిగి, "డేటా లాగర్ ఎప్పటిదాకా నడిచిందో తెలుసా?" అన్నాడు. నేను ఫోన్ పెట్టేశాను. మర్నాడు విమానంలో వచ్చి నా మంచం పక్కన కూర్చున్నాడు. అతన్ని క్షమించానా అంటే, క్షమించాను. అతని కింద మళ్లీ ఉత్తరానికి వెళ్లానా అంటే, వెళ్లలేదు.

పిల్లలూ, మీరు ఈ పనిలోకి వస్తే వైర్ల రంధ్రాలు మీరే చూసుకోండి, బండి దిగి వెనక్కి నడిచి గొట్టం చూడండి, అలారం చచ్చిపోతే అక్కడే ఆగిపోండి. ఇవన్నీ మీకు ఎవరైనా చెబుతారు. ఎవరూ చెప్పనిది ఒకటుంది. పక్కన కూర్చున్నది పెద్దాయనైనా, గురువైనా, మీరు దండం పెట్టే మనిషైనా, ఆయన మాట తడబడితే మధ్యలో ఆపండి. ఆయనకి కోపం వస్తే రానివ్వండి. నేను ఆ ఒక్క మర్యాద కోసం ఆయన్ని చంపేసేదాన్ని, నేనూ చచ్చేదాన్ని.

ఇమ్మానియేలు గారు బతికారు గానీ మునుపటి మనిషి కాలేదు. ఆరు నెలల తర్వాత తిరిగి పనిలోకి వచ్చి, శీతాకాలం టీమ్‌లో తన పేరు వేయమన్నారు. ఒకరోజు ప్లాంటు టెస్ట్ ట్రాక్ నుంచి ఆఫీసుకి, రోజూ వెళ్లే దారిలోనే, దారి తప్పారు. డ్రైవింగ్‌కి ఆయన పనికిరారని రాయాల్సింది నేనే. రాశాను.

"ఆ బండిలోంచి నన్ను లాగింది నువ్వే. ఇప్పుడు ఇంట్లో కూకోబెట్టేదీ నువ్వేనా అమ్మా?" అన్నారు. ఏడాదికి పైగా ఆయన నాతో మాట్లాడలేదు, చర్చిలో నన్ను చూస్తే ఇంకో తలుపులోంచి వెళ్లేవారు. ఒక ఆదివారం మంచు పడుతుంటే బస్‌స్టాప్‌లో నిలబడి కనపడ్డారు. కారు ఆపాను. ఎక్కి కూర్చున్నారు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం నేనే తీసుకెళ్తున్నాను.

ఇప్పుడు ఆయన ప్రార్థనలో కొన్ని పేర్లు జారిపోతాయి. మేము అందిస్తాం, మధ్యలోనే, గట్టిగానే. సంఘంలో కొందరు వింతగా చూస్తారు.

మొన్న జనవరిలో రూతు కూతురు కూడా మాతో కారెక్కింది. వెనక సీట్లో కూర్చుని, "తాతా, ప్లీజ్ క్లోజ్ ద విండో, ఐ యామ్ ఫ్రీజింగ్" అంది. ఆయన పక్కనున్న అద్దం, ఆ గని నుంచి వచ్చినప్పటి నుంచీ ఎప్పుడూ ఉండేలాగే, కాస్త దించి ఉంది.

ఇమ్మానియేలు గారు వెనక్కి తిరిగి ఆ పిల్ల మొహంలోకి పరీక్షగా చూశారు.

"చలేత్తందా తల్లీ?"

"అవును తాతా. చాలా."

"నీకో, ఎస్తేరూ?"

"వేస్తోందండి" అన్నాను.

"హమ్మయ్య" అన్నారాయన, ముందుకి తిరిగి కూర్చుంటూ. "అయితే బండి పోనీ."